తీరరేఖలు – చిత్రరేఖలు

సముద్రమును చూడబోయిన వారందరును ఏదో యొకటి ఇంటికి తెచ్చుకొందురు. పిల్లలు గవ్వలు తెత్తురు. ఇల్లాండ్రు ఎండుచేపలు తెత్తురు. ఇప్పుడు చేత ఫోను లేని యాత్రికుడు లేడు గనుక వందలకొలది ఛాయాచిత్రములు కూడ వచ్చుచున్నవి. కాని పది దినములు గడచిన పిమ్మట ‘ఆ యొడ్డు ఎట్లున్నది?’ అని అడిగినచో, ‘చాల బాగున్నది’ అను మాటయే గాని అంతకుమించిన సమాధానము దొరకదు. ఇసుక ఏ రంగున నున్నదో, అల ఎన్ని మడతలుగా విరిగినదో, ఒడ్డున నడచిన పిట్ట కాళ్లు పసుపుపచ్చనివో నల్లనివో చెప్పగలవారు అరుదు. కన్ను చూచినదే కాని, చూచినదానిని మనస్సు పట్టుకొనలేదు. అట్లు పట్టుకొనుటకు ఒక సులభమైన సాధనమున్నది. దాని వెల కొలదిపాటి రూపాయలు. అది ఒక పెన్సిలు, ఒక చిన్న నోటుపుస్తకము. ప్రయాణములో సముద్రతీరమును, అచ్చటి పశుపక్ష్యాదులను బొమ్మలుగా గీసికొను అలవాటును గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయుదుము.

ఇచ్ఛాపురము మొదలు తడ వరకు గల మన తీరము పొడవు 974 కిలోమీటర్లని చిరకాలము లెక్క చెప్పుచు వచ్చిరి. సముద్రమొక్కటే గాని ఒడ్డు ఒక్క తీరున లేదు. విశాఖపట్టణము ప్రాంతమున కొండలు నీటిలోనికి దిగి నిలిచినవి. భీమునిపట్టణము దారిలో ఎర్రమట్టి దిబ్బలు నిప్పుకణికలవలె వెలుగుచుండును. గోదావరి, కృష్ణ సముద్రమున కలియుచోట్ల భూమియో నీరో తెలియని మడ అడవులున్నవి. బాపట్ల దిక్కున తిన్నని ఇసుకబాట. దక్షిణాన పులికాటు సరస్సు. ఇన్ని రూపములు గల తీరమును ‘బాగున్నది’ అను ఒక్క మాటతో సరిపుచ్చుట దానికి న్యాయము చేసినట్లు కాదు.

మేము రేడియోలో పనిచేయువారము. మా వృత్తి శబ్దముతోడిది. ధ్వనిముద్రణ యంత్రమును భుజమున తగిలించుకొని పల్లెకార్ల పాటలకును, తెప్పలు నీటిలోనికి త్రోయునప్పటి కేకలకును తిరిగినవారము. అట్లు తిరుగగా మాకు తెలిసినదేమనగా, భీమిలిలో ముద్రించిన అలల ఘోషను సూర్యలంక అలల ఘోషను ప్రక్కప్రక్కన వినిపించినచో ఏది ఎచ్చటిదో చెప్పుట మాకే కష్టము. ధ్వనిముద్రణ జరుగుచుండగా మేము మాటాడరాదు, కదలరాదు. ఆ మౌనములో చేతులకు పని యుండదు. అప్పుడు సమయములు వ్రాసికొను పుస్తకము అంచులలోనే ఎదుటనున్న పడవను, దాని కొయ్యపై వాలిన నీటికాకిని గీయ మొదలిడితిమి. తరువాత కార్యక్రమము వ్రాయుటకు కూర్చున్నప్పుడు ఆ చోటును మాకు జ్ఞప్తికి తెచ్చినవి శబ్దములకంటె ఆ వంకరటింకర గీతలే. మేము చిత్రకళ నేర్చినవారము కాము. ఈ ప్రసంగమును కళాకారులకొరకు చేయుటయు లేదు.

తెలుగు తీరమున ఈ అలవాటు కొత్తది కాదు. కాకినాడకు సమీపమున సామర్లకోట కలదు. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు 18వ శతాబ్ది చివరిభాగమున అచ్చట నివసించి తోట వేసి, చుట్టుపట్ల మొక్కలను పరిశీలించెను. ఆయన ఒక్కడే కూర్చుండి గీయలేదు. ఈ దేశపు చిత్రకారులను నియమించి, మొక్క యెదుట నుంచి, ఆకు ఈనెలు, పువ్వు రేకులు, గింజ నిలువుకోతతో సహా వ్రాయించెను. ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను పేర 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా లండనులో వెలువడిన గ్రంథమునకు ఆధారము ఆ పటములే. అందు 300 చిత్రములున్నవి. మొక్కలకు తెలుగు పేర్లను గూడ ఆయన పొందుపరచెను.

ఆ కాలముననే పాట్రిక్ రసెల్ అను మరియొక వైద్యుడు విశాఖపట్టణమున నుండెను. పాములను గూర్చిన ఆయన గ్రంథము 1796లోను, విశాఖపట్టణమున సేకరించిన 200 చేపల బొమ్మల గ్రంథము 1803లోను వెలువడినవి. చేపలు ఒడ్డుకు రాగానే రంగు చెడకముందే బొమ్మ తీయవలెను. ఆ పని చేసినది స్థానిక చిత్రకారుడే. రసెల్ ఆ చేపలకు పల్లెవారు పిలుచు పేర్లనే ఆంగ్లాక్షరములలో వ్రాసికొనెను. తాకినచో చేయి తిమ్మిరెక్కించు విద్యుత్తు చేపకు అందు గల పేరు ‘టెమెరీ’. అది మన తిమ్మిరియే. నేడు లోకమంతయు రసెల్ పేర పిలుచు విషసర్పమును ఆయన పుస్తకములో ‘కాటుకరేకుల పొడ’ అని వ్రాసినాడు. కాటుకతో దిద్దిన రేకులవంటి పొడలు ఒంటినిండ గలది అని యర్థము. ఆ పేరు పెట్టిన వాడెవడో కాని, వానికి చిత్రకారుని కన్ను కలదు. నాలుగు మాటలలో పాము వీపును గీసి చూపినాడు.

ఇందు మనము విచారింపవలసిన విషయమొకటి కలదు. గ్రంథకర్తల పేర్లు నిలిచినవి. పాముకు రసెల్ పేరు, ఎన్నో మొక్కలకు రాక్స్‌బర్గ్ పేరు స్థిరపడినవి. ఆ యాకులను, పొలుసులను ఓపికతో గీసిన చేతుల పేర్లు ఆ పుటలలో లేవు. అట్లే ‘కాటుకరేకుల పొడ’ అను మాటయు మన నోటనుండి జారిపోయినది. నేడు రక్తపింజరి అనియే అందుము. చిత్రము నిలిచినది, చేయి మరుగైనది, పేరు మరపున బడినది. కావున పుస్తకము పట్టిన యాత్రికునకు మా మొదటి మనవి యిది. బొమ్మ క్రింద ఆ ప్రాణికి ఆ యూరివారు పెట్టిన పేరు వ్రాయుడు. చెప్పినవారు సమ్మతించినచో వారి పేరును గూడ వ్రాయుడు. గీసినవారి సంతకమును, తేదీని ఎన్నడు మరువకుడు.

‘ఫోను ఉండగా పెన్సిలు ఎందుకు?’ అని కొందరడుగుదురు. ఛాయాచిత్రమును మేము తక్కువ చేయము. అది ఒక్క క్షణమున ఎదుట నున్నదంతయు పట్టును. బొమ్మ అట్లు పట్టదు. పట్టదు గనుకనే ఏది ముఖ్యమో మనము నిర్ణయింపవలసి వచ్చును. ఉదాహరణకు చెరువుగట్లను, ఉప్పుకయ్యలను నిలుచు గుడ్డికొంగను తీసికొనుడు. కూర్చున్నప్పుడు అది మట్టిరంగున నుండి గట్టులో గట్టయి పోవును. ఎగిరినంతనే రెక్కలు తెల్లని గుడ్డవలె విచ్చుకొనును. వాలగానే మరల మట్టిముద్ద. ఛాయాచిత్రములో ఈ రెంటిలో ఒకటే దొరకును. ఒక పుటలో ప్రక్కప్రక్కన రెండు చిన్న బొమ్మలు వేసి, నడుమ ఒక బాణపు గుర్తు పెట్టినచో ఆ పక్షి రహస్యమంతయు అందున్నది. బొమ్మ యనగా కన్ను అడిగిన ప్రశ్నకు చేయి చెప్పిన జవాబు. మెడ ఎచ్చట వంగినది? ముక్కు పొడవు తలకు ఎన్ని రెట్లు? తోక నీటిని తాకుచున్నదా? ఈ ప్రశ్నలు గీయని వానికి పుట్టవు.

పరికరముల సంగతి త్వరగా ముగింతము. అరచేతిలో నిలుచు పుస్తకము, అట్ట గట్టిదిగా నుండవలెను. సముద్రపు గాలికి పుటలు నిలువవు గనుక రెండు రబ్బరుపట్టీలు. మెత్తని పెన్సిలొకటి, గట్టి పెన్సిలొకటి. రంగులు కావలెనన్న చిన్న డబ్బీలో నీటిరంగులు, ఒక కుంచె, మంచినీటి సీసా. ఉప్పునీటితో రంగు కలిపినచో ఆరినపిమ్మట ఉప్పు పొడిగా తేలును. రబ్బరుతో చెరుపు అలవాటు ప్రయాణమున పనికిరాదు. గీత తప్పినచో ప్రక్కన మరియొక గీత గీయుడు. తప్పిన గీతయు మీ కన్ను నడచిన దారినే చూపును.

సముద్రచిత్రమునకు మొదటి గీత నీరును నింగియు కలిసినట్లు కనబడు గీత. అది ఎల్లప్పుడు చూచువాని కంటి ఎత్తుననే యుండును. మనము ఇసుకలో కూర్చున్నచో అదియు దిగివచ్చును. కొండ యెక్కినచో అదియు మనతో ఎక్కును. నీటి అంచున నిలిచిన మనిషికి ఆ గీత సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరముననే యున్నది. 50 మీటర్ల ఎత్తు నుండి చూచినచో అది 25 కిలోమీటర్ల దూరమునకు జరుగును. ఆ గీత వంకర పోయినచో సముద్రము ఒలికిపోవునట్లుండును. దానిని తిన్నగా వేసి, అటుపిమ్మట పడవను గాని కొండను గాని నిలుపవలెను.

రెండవది వెలుతురు. మనది తూర్పుతీరము. ప్రొద్దుట సూర్యుడు సముద్రమునుండి లేచి మన కన్నులలోనికి చూచును. అప్పుడు పడవలు, పక్షులు, వలలాగు మనుష్యులు అందరును నల్లని ఆకారములుగా కనబడుదురు. రంగు తెలియదు గాని రూపు కత్తిరించినట్లు తేటపడును. కావున ఉదయము రూపములు గీయుటకు తగినవేళ. మధ్యాహ్నము వాలిన పిమ్మట సూర్యుడు మన వీపున నుండును. నీటి పచ్చదనము, పడవలపై వేసిన రంగుపట్టెలు, పిట్టల రెక్కలలోని చారలు అప్పుడు బయటపడును. అది రంగుల వేళ. మూడవది ఆటుపోటులు. మన తీరమున దినమునకు రెండు పోటులు, రెండు ఆటులు వచ్చును. నిన్నటి పోటు కంటె నేటి పోటు రమారమి 50 నిమిషములు ఆలస్యమగును. పోటుసమయమున నీరు తప్ప మరేమియు లేని బురదమేట, ఆటుసమయమున పీతలతోను, ఉల్లంకి పిట్టలతోను సంతవలె నుండును. ఈ లెక్క పడవవారినడిగినచో పంచాంగము విప్పకయే చెప్పుదురు.

ఇక ఉత్తరమునుండి దక్షిణమునకు కొన్ని చోట్లు చూతము. విశాఖపట్టణమునుండి భీమిలికి పోవు దారిలో మంగమారిపేట కడ అలలు తొలిచిన సహజ శిలాతోరణమున్నది. ఆ దారినే ఇంకను ముందుకు పోయినచో ఎర్రమట్టి దిబ్బలు వచ్చును. వేల సంవత్సరములుగా గాలి చేర్చిన ఇసుకరేణువులపై ఇనుపతుప్పు పొర కట్టి ఈ ఎరుపు వచ్చినదని భూవైజ్ఞానికులందురు. వానలు ఈ దిబ్బలను కోసికోసి లోతైన వాగులుగా, గోపురములుగా చెక్కినవి. 2025లో యునెస్కో వారసత్వ స్థలముల తాత్కాలిక పట్టికలో దీని పేరు చేరినది. గీయువానికి ఈ దిబ్బలు మంచి పాఠశాల. ఎరుపును చూచి తొందరపడి రంగుడబ్బీ విప్పరాదు. ముందు నీడలను మాత్రము గీయవలెను. నీడలు సరిగా కుదిరినచో దిబ్బ తానే లేచి నిలుచును. రంగు ఆ పిమ్మట వేసిన చాలును.

కాకినాడ చెంత కోరంగి మడ అడవి 1978లో అభయారణ్యమైనది. విస్తీర్ణము 235 చదరపు కిలోమీటర్ల పైమాట. ఇదే కోరంగి ఒకప్పుడు పేరుగల రేవు. 1789లోను, 1839లోను వచ్చిన తుపానుల ఉప్పెనలు దానిని ఊడ్చివైచినవి. నేడచ్చట పడవలో పోవువానికి కనబడునది వేళ్ల చిత్రశాల. మడచెట్టు వేళ్లు బురదలోనుండి పెన్సిలు మొనలవలె పైకి లేచి గాలి పీల్చుచుండును. పొన్నజాతి చెట్లు కాండమునుండి వంపు తిరిగిన కాళ్లను దింపి పందిరి గుంజలవలె నిలుచును. చెట్టును పైనుండి క్రిందికి గీయుట మనకు అలవాటు. ఇచ్చట క్రిందినుండి పైకి గీయవలెను. వేళ్ల నడుమ బురదమీద గెంతు చేపలున్నవి. వాని కన్నులు తలపైన రెండు గుండీలవలె నుండును. ఒక డెక్క మాత్రము పెద్దదిగా గల మగ ఎండ్రకాయలు ఆ డెక్కను ఊపుచు ఎవరినో పిలుచుచున్నట్లుండును. నీటికుక్కలు, చేపలు పట్టు బావురుపిల్లులు ఉన్నవి కాని అవి సామాన్యముగా దర్శనమీయవు. వాని యడుగులు బురదలో దొరకును. ఆ యడుగును గీసికొన్నను జంతువును చూచినంత తృప్తి కలుగును.

ఆ కాలువలలో ఒకమారు మేము గీయుటకు అనువైన నీడ వెదకుచుండగా పడవ నడుపు పెద్దాయన ఒక చెట్టును చూపి, ‘అది తిల్లండి బాబూ. దాని పాలు కంట్లో పడితే చూపు పోద్ది. ఆ కింద కాదు, ఇటు జరిగి కూకుని గీసుకోండి’ అనెను. నిగనిగలాడు ఆ యాకుల నడుమ అంత విషమున్నదని పుస్తకపు చదువు మాత్రమే గలవానికి తోచదు. పడవ మరలించువరకు ఆయన మరి పదునాలుగు చెట్లకును పిట్టలకును పేర్లు చెప్పినాడు. మా పుస్తకమున ఆ పుట బొమ్మలకంటె మాటలతోనే నిండినది. రసెల్ కాలమున పల్లెవారు చెప్పిన పేర్లెట్టివో, ఇవియు అట్టివే. ఇప్పుడు అడిగి వ్రాసికొననిచో రేపు చెప్పువారుండరు.

కాకినాడ అఖాతమునకు అడ్డుగా హోప్ ఐలండ్ అను పొడవైన ఇసుకదీవి కలదు. చలికాలము చివరి మాసములలో ఆలివ్ రిడ్లే అను సముద్రపు తాబేళ్లు అచ్చటను, మన తీరమున మరి పెక్కు చోట్లను రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి త్రవ్వి నూరేసి గ్రుడ్లు పెట్టి పోవును. సుమారు 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. తల్లి తాబేలును గీయుటకు చీకటిలో దీపము వేసికొని పోరాదు. వెలుతురు పడినచో అది గ్రుడ్లు పెట్టకయే మరలిపోవును. తెల్లవారిన పిమ్మట ఇసుకమీద అది వ్రాసిపోయిన వ్రాత చాలును. ఈ జాతి తాబేలు కుడియెడమ తెడ్లను ఒకదాని తరువాత ఒకటిగా వేయును గనుక జాడ జడవలె ఎదురుబొదురుగా పడును. పచ్చతాబేలు రెండు తెడ్లను ఒక్కసారి వేయును గనుక దాని జాడ సరితూకముగా నుండును. తాబేలును చూడకయే ఏ జాతిదో చెప్పుటకు ఆ గీతలే ఆధారము.

కాని ఆ ఇసుకమీదనే ఒక్కొక్క ఉదయమున చచ్చిపడిన తాబేళ్లును కనబడును. తాబేలు గాలి పీల్చు ప్రాణి. పెద్ద మరబోట్ల వలలలో చిక్కి పైకి రాలేనిచో నీటిలోనే ఊపిరాడక మరణించును. యాత్రికుడు ఆ పుటను విడిచిపెట్టి సూర్యోదయమును మాత్రము గీసికొనుట మాకు ఉచితముగా తోచదు. సూర్యోదయము రేపును వచ్చును. చచ్చిన తాబేటిని గీసి, తేదీ, చోటు, డిప్ప పొడవు ఎన్ని జానలో వ్రాసి, అటవీశాఖ వారికి తెలియజేయుడు. సౌందర్యమొక్కటే చిత్రింపవలెనను నియమమేమియు లేదు.

దక్షిణాన సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు మార్గము పులికాటు సరస్సును చీల్చుకొని పోవును. చలికాలమున దారికి రెండు ప్రక్కల లోతులేని నీటిలో ఫ్లెమింగోలు బారులు తీరి నిలుచును. వానిని మొదటిసారి గీయువారు కాలి నడుమనున్న కీలును మోకాలనుకొందురు. అది మోకాలు కాదు, చీలమండ. మోకాలు పొట్ట చెంత ఈకలలో దాగియుండును. ఇది తెలిసినగాని ఆ కాలు వెనుకకు ఎందుకు మడుగునో అర్థము కాదు. మేత మేయునప్పుడు తలను తలక్రిందులుగా నీటిలో ముంచి, ముక్కుతో బురదనీటిని వడకట్టుకొనును. గులాబిరంగు పుట్టుకతో వచ్చినది కాదు, తిన్న యాహారమువలన వచ్చినది. పిల్లలు బూడిదరంగున నుండును. వందల పక్షులను ఒక్కొక్కటిగా గీయబోయినచో ప్రొద్దు క్రుంకును. ముందు నీటిగీత వేసి, దానిమీద మెడల వంపులను మాత్రము తోరణమువలె వేయుడు. ఒక్క పక్షిని చక్కగా దిద్దుడు. తక్కినవానిని చూచువాని కన్నులే పూర్తిచేసికొనును.

అచ్చటికి దగ్గరలోనే నేలపట్టు. అది 1976లో పక్షుల రక్షితకేంద్రమైనది. చెరువునీటిలో నిలిచిన కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచును. ఎగురునప్పుడు అంత ఠీవి గల పక్షి కొమ్మమీద వాలునప్పుడు మూటను మోయు ముసలివానివలె తడబడును. పిల్ల తన తలను తల్లి గొంతుసంచిలోనికి దూర్చి మేత తీసికొను దృశ్యమును ఎన్నిమారులు గీసినను తనివి తీరదు. దూరమునుండి చూచుటకు అచ్చట మంచె యున్నది. బొమ్మకొరకు గూటి దగ్గరకు పోవలసిన యవసరము లేదు. మనలను చూచి పక్షి లేచినదనిన, మనము మితిమీరి దగ్గరకు పోయితిమని అర్థము. తల్లి లేచిన గూటిమీద ఎండ పడును, కాకి వాలును. ఒక బొమ్మ విలువ ఒక గ్రుడ్డు విలువకంటె ఎక్కువ కాదు.

ఇంతవరకు ఆనందమును గూర్చి చెప్పితిమి. ఈ యలవాటునకు మరియొక ప్రయోజనము కలదు. అది ఉప్పాడ ఒడ్డున మాకు స్పష్టముగా తెలిసినది. జాందానీ చీరలకు పేరుపొందిన ఉప్పాడ, కాకినాడకు ఉత్తరమున సముద్రపు టంచున నున్న ఊరు. అచ్చటి తీరమును సముద్రము ఏండ్లతరబడి కోయుచున్నది. గోదావరి తెచ్చు ఒండ్రుమట్టి ఎగువ జలాశయములలో నిలిచిపోయి తీరమునకు తక్కువగా చేరుట అందొక కారణము. మా పుస్తకములలో ఆ ఒడ్డు బొమ్మలు మూడున్నవి. 2012 నాటి బొమ్మలో నీటికి ఇవతల ఇసుక, ఇసుకమీద ఆరవేసిన వలలు, వెనుక అయిదు కొబ్బరిచెట్లు, ఒక పెంకుటిల్లు కలవు. 2016 నాటి బొమ్మలో వలలు ఆరవేయుటకు ఇసుక లేదు. చెట్లు మూడు. అందొకటి నీటివైపు వ్రాలినది. 2022 నాటి బొమ్మలో రాళ్లకట్ట, దానిపై విరుగు అల, ఒక గోడముక్క. మూడును ఒకే చోట గీసినవని చెప్పినగాని ఎవరును నమ్మరు. గీసినప్పుడు మూడింటిలో ఏదియు గొప్ప బొమ్మ అనిపింపలేదు. ప్రక్కప్రక్కన పెట్టిననాడు అవి సాక్ష్యములైనవి. ఆ గోడముక్క చెంత నిలిచిన ఒక ముసలమ్మ మొదటి పుటను చూచి, వ్రేలితో పెంకుటింటిని తాకి, ‘ఇది మా అత్తగారిల్లే బాబూ’ అనెను. ఆ యింటి బొమ్మ ఆమెకడ మరియొకటి లేదు. ఆ పుటకు నకలు తీసి ఆమెకు పంపితిమి.

సముద్రము కొట్టుకొనిపోయినదానిని బొమ్మ మరల తేలేదు. అయినను ఇచ్చట ఇట్టిది యుండెను అని చెప్పగలదు. అట్లు చెప్పుట స్వల్పవిషయము కాదు. కాలిన్ మెకంజీ అను సర్వే అధికారి 1816 ప్రాంతమున చిత్రకారులచేత అమరావతి స్తూపశిలలను వ్రాయించెను. ఆ శిలలలో పెక్కులు పిమ్మట కనబడకపోయినవి. నేడు వాని రూపము తెలియుటకు ఆ కాగితములే దిక్కు. రాయి పోయినది, కాగితము మిగిలినది. కదలని రాతి సంగతియే ఇట్లున్నప్పుడు, అనుదినము కదలు ఇసుకయంచు సంగతి చెప్పవలెనా? 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణపు చెట్లను ఒక్క పగటిలో మోడులు చేసినది. అంతకుముందు నాటి వీధిబొమ్మ యెవరికడనైన నున్నచో దాని విలువ నేడు వారికి తెలియును.

కావున శ్రోతలకు మా మనవి యిది. ఈమారు సముద్రతీరమునకు పోవునప్పుడు ఒక పుస్తకము తీసికొనిపొండు. పిల్లలున్నచో వారికొకటి వేరుగా నీయుడు. పిల్లల గీత మనదానికంటె నిర్భయముగా నుండును. ఒక గంటలో పది చోట్లు చూచుటకంటె ఒక్కచోట గంటసేపు కూర్చుండుడు. కూర్చున్న పావుగంటకు పీతలు కన్నములనుండి బయటికి వచ్చును. అరగంటకు పిట్టలు మిమ్ము మరచిపోవును. అప్పుడు గీయుడు. బొమ్మ క్రింద చోటు, తేదీ, వేళ, గాలి వీచు దిక్కు, ఆటో పోటో, అచ్చటివారు చెప్పిన పేరు వ్రాయుడు. మరుసటియేట అదే చోటికి పోయినచో అదే రాతిమీద కూర్చుండి మరల గీయుడు. రాయి లేకున్నచో, లేదని వ్రాయుడు. బొమ్మ అందముగా వచ్చెనా లేదా అను చింత వలదు. సత్యముగా నున్నచో చాలును. అట్టి పుస్తకములు ఊరికి పది యున్నచో, మన తీరము ఏమైనదని రేపటివారు అడిగినప్పుడు ‘బాగుండెడిది’ అని మాత్రము చెప్పి యూరకుండవలసిన యవసరము రాదు. పుట విప్పి చూపగలుగుదుము.